కుర్చీలు మారిన పూట

శామ్యూలు మాస్టారి ఇంగ్లీషు క్లాసులో ఒక రూలు ఉండేది. వాదన ఏదైనా సరే, సగంలో ఆయన గంట కొడతారు. అప్పుడు ఇద్దరూ కుర్చీలు మారి, ఇందాక కాదన్నదాన్నే ఔనని వాదించాలి. కాకినాడలో నర్సు కోర్సు చదివే మాకు అదో పెద్ద చిరాకు. నోరు తిరగడమే గగనం, మళ్లీ మాట మార్చడం కూడానా!

ఆయన శిష్యుడు చక్రధరం ఆ ఏడే మాకు పాఠాలు చెప్పడం మొదలుపెట్టాడు. ఇంగ్లీషు గడగడా మాట్లాడేవాడు, ఆ గర్వమూ కాస్త ఉండేది. ఆసుపత్రి ఇంటర్వ్యూకి పంపే పేర్ల జాబితా, పెన్నూ పట్టుకుని మా ముందే అడిగేశాడు. "మాస్టారూ, ఈ నూకరత్నం ఆరు నెలలుగా నోరు విప్పలేదు. ఒక్క వాక్యం రానివాళ్లకు వాదనలెందుకండీ? పేరు కొట్టేద్దామా?"

కొట్టేస్తే ఆ పిల్లకి ఇక రొయ్యలు ఒలిచే షెడ్డే గతి. అది మాకందరికీ తెలుసు. నాకైతే ఒళ్లు మండింది.

మాస్టారు ఔననలేదు, కాదనలేదు. 'నూకరత్నం పేరు కొట్టేయాలి' అని బోర్డు మీద ఇంగ్లీషులో రాశారు. "నువ్వు ఔనని వాదించు. ఆ అమ్మాయి కాదని వాదిస్తుంది," అన్నారు శిష్యుడితో.

చక్రధరం ఐదు నిమిషాలు దంచేశాడు. ఒక్క తప్పు లేదు, పిసరంత జాలీ లేదు. తర్వాత నూకరత్నం లేచి, చున్నీ కొస నలుపుతూ నిలబడింది. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. అయ్యో, దీని పని అయిపోయిందిరా దేవుడా అనుకున్నాను.

గంట మోగింది. ఇద్దరూ కుర్చీలు మారారు.

ఇప్పుడు తన మీద తనే నేరం మోపుకోవాలి. నూకరత్నం తను లేచొచ్చిన కుర్చీకేసి వేలు చూపించింది. తప్పుల తడకే, అయినా అంతా ఇంగ్లీషులోనే అంది:

"కొట్టేయండి సార్. ఆ పిల్ల రోజూ లేటు. తెల్లారకముందే రొయ్యలు ఒలిచి, రెండు బస్సులు మారి వస్తుంది. చేతులు నీచు కంపు. పక్కన ఎవరూ కూర్చోరు. మాట్లాడితే నవ్వుతారని మాట్లాడదు. ఏమ్మా, ఎందుకు మాట్లాడవు అని మీరూ ఒక్కసారి అడగలేదు. అలాంటిదాన్ని ఎందుకు ఉంచాలి? కొట్టేయండి!"

పక్కన కూర్చోనివాళ్లలో నేనొకదాన్ని. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

ఇక ఆమెను ఉంచాలని చక్రధరం వాదించాలి. లేచాడు. నోరు తెరిచి, మూశాడు. ఆమె గురించి అతనికి తెలిసిందల్లా ఇప్పుడు ఆమె చెప్పిందే. చేతిలోని పెన్నుకి మెల్లగా మూత పెట్టుకున్నాడు.

మాస్టారు కుర్చీలో వెనక్కి వాలారు.

"తొందరేం లేదు నాయనా," అన్నారు. "ఆ అమ్మాయికి ఆరు నెలలు పట్టింది."