తిప్పన్న అరువు తెచ్చుకున్న ముఖం

అనగనగా, నదుల మీద వంతెనలు ఇంకా పుట్టని రోజుల్లో, గండిమేట అని ఒక రాజ్యం. ఆ రాజ్యంలో వార్తలు చాటే తిప్పన్న అని ఒకడు ఉండేవాడు.

అతని పని వినడానికి తేలిక, చెయ్యడానికి కాదు. ఊరూరా తిరగాలి. జరిగింది కళ్ళారా చూడాలి. సంతరోజున రాజధానికి వచ్చి, తప్పెట కొట్టి, చూసింది చూసినట్టు చెప్పాలి. చివర మూడు దెబ్బలు కొట్టి, "చూడనిది చెప్పలేదు, చూసింది దాచలేదు" అనేవాడు. ఆ మాట విన్నాక రాజుగారు కూడా మారు ప్రశ్న వేసేవారు కాదు. ఇరవై ఏళ్ళు అలా గడిచాయి.

ఇరవై ఏళ్ళు తిరిగితే మోకాళ్ళు ఊరుకుంటాయా? అరిగిపోయాయి. తిప్పన్న ఆ పని వదిలేశాడు. కానీ నోరు ఊరుకోలేదు. ఇన్నాళ్ళూ జరిగింది చెప్పాను, ఇకమీదట జరగనిది చెబుతాను అనుకుని, తాటాకుల మీద ఒక పెద్ద కథ రాయడం మొదలుపెట్టాడు.

కథలో ఒక దుర్మార్గుడైన పడవవాడు. వరద రోజున పడవను నడి ఏట్లో వదిలేసి, తాను ఈదుకుంటూ ఒడ్డెక్కుతాడు. నలభై మంది మునిగిపోతారు. అంతా బాగానే కుదిరింది గానీ ఆ పడవవాడికి ముఖమే కుదరలేదు. చూసినవే చెప్పిన మనిషి కదా, చూడని ముఖం ఎక్కణ్ణుంచి తెస్తాడు?

చివరికి కొంగలరేవులో పడవ నడిపే నూకయ్య గుర్తొచ్చాడు. చీలిన ఎడమ చెవి, ఎర్ర తలపాగా, తెడ్డుతో మాట్లాడుకునే అలవాటు. ఒకసారి తిప్పన్న జ్వరంతో వణుకుతుంటే తన కంబళి కప్పి ఏరు దాటించిన మనిషి. తిప్పన్న ఆ కంబళిని వదిలేసి ముఖాన్ని మాత్రం కథలోకి తీసుకున్నాడు. పేరు పెట్టలేదు కదా, ఏం పోయిందిలే అనుకున్నాడు.

సంతలో తప్పెట కొట్టి జనాన్ని పోగుచేసి కథ చదివాడు. అందరూ ఊపిరి బిగబట్టి విన్నారు. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. తిప్పన్న పొంగిపోయాడు. ఆ పొంగులో చెయ్యి దానంతటది మూడు దెబ్బలు కొట్టింది. నోరు దానంతటది, "చూడనిది చెప్పలేదు, చూసింది దాచలేదు" అనేసింది.

ఇంటికి వెళ్ళాక భార్య అచ్చమ్మ అడిగింది.

"ఏమయ్యా, పాపం ఆ నలభై మందీ ఏ ఊరివాళ్ళు?"

"ఏ ఊరివాళ్ళూ కాదే. అది కథ."

"మరి చూశానన్నావుగా?"

ఆ మాట అనేశానని తిప్పన్నకు అప్పుడు తట్టింది. అయినా, వారం తిరిగేసరికి జనమే మరిచిపోతారులే అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

జనం మరిచిపోలేదు. తర్వాతి సంతకు వచ్చిన గాజుల వ్యాపారి, "ఆ చీలిన చెవివాడు కొంగలరేవులో ఉన్నాడు. ఇప్పుడు వాడి పడవ ఎవరూ ఎక్కడం లేదు" అన్నాడు. అది కథ అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ ఒక్క మాటే తిప్పన్న గొంతు దాటలేదు. తిప్పన్న కూడా అబద్ధం చెప్పాడట అని లోకం అంటే తలెత్తుకుని తిరగడం ఎలా?

అందుకని కథను మళ్ళీ చదివాడు. ఈసారి పడవవాడి చెవి బాగుచేశాడు, తలపాగాకు పచ్చరంగు వేశాడు. జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ఆ పడవవాడు బెదిరించినట్టున్నాడు, పాపం మాట మార్చాడు" అనుకున్నారు. నూకయ్య మీద కోపం రెట్టింపయింది.

మూడో సంతకు భటులే కబురు తెచ్చారు. నూకయ్యను పట్టుకున్నారట. మర్నాడు విచారణ. నేరం రుజువైతే తల తీస్తారు.

మర్నాడు తిప్పన్న సభకు వెళ్ళేసరికి గాజుల వ్యాపారీ, ఒక జాలరీ, రేవు కాపలాదారూ నిలబడి, పడవ మునగడం కళ్ళారా చూశామని చెబుతున్నారు. వాళ్ళు చెడ్డవాళ్ళేమీ కారు. పదిసార్లు విన్నది కొందరికి చూసినట్టే అనిపిస్తుంది.

"మహారాజా, ఆ పడవ మునగలేదు. అది నేనల్లిన కథ" అన్నాడు తిప్పన్న.

"చూశానని చాటింది నువ్వే కదా?"

"నోరు జారాను. జారిందని తెలిసీ ఇన్నాళ్ళు దాచాను."

రాజుగారు అన్నారు: "ఆలోచించుకో తిప్పన్నా. నీ మాట మీద కరువు ఊళ్ళకు ధాన్యం పంపాను. నీ మాట మీద అధికారులను తీసేశాను. ఇది అబద్ధమంటే, రేపు జనం నీ ఇరవై ఏళ్ళ మాటలనూ అబద్ధమంటారు. నీకిక పేరు మిగలదు."

తిప్పన్న సంకెళ్ళలో ఉన్న నూకయ్య వైపు చూశాడు. అతను తలవంచుకుని, తెడ్డు లేకపోయినా తనలో తాను ఏదో చెప్పుకుంటున్నాడు.

"నా పేరు పోనివ్వండి మహారాజా. అతని పేరు పాడుచేసింది నేనే."

"చూశామనేవాళ్ళు ముగ్గురు. చూడలేదనేవాడివి నువ్వొక్కడివి. నేనెవరిని నమ్మాలి?"

"నన్ను నమ్మొద్దు. ఒక్క ప్రశ్న అడగనివ్వండి. ఎక్కడ చావు జరిగినా నేను మొదట అడిగేది అదే." తిప్పన్న ఆ ముగ్గురి వైపు తిరిగాడు. "మునిగిన నలభై మందిలో ఒక్కరి పేరు చెప్పండి."

జాలరి పైకప్పు వంక చూశాడు. కాపలాదారు, తాను దూరంగా ఉన్నానన్నాడు. గాజుల వ్యాపారి కాసేపు తడబడి, "తిప్పన్న చెప్పగా విన్నానండీ" అన్నాడు.

రాజుగారి ముఖం చిన్నబోయింది. "నలభై మంది పోతే ఒక్క ఇంట్లోనైనా ఏడుపు వినబడాలి కదా. నాకూ తట్టలేదు" అన్నారు. నూకయ్య సంకెళ్ళు విప్పించారు. తిప్పన్న తప్పెటను లాగేసుకున్నారు.

బయటికి రాగానే తిప్పన్న నూకయ్య కాళ్ళ మీద పడబోయాడు.

"కాళ్ళెందుకు లెండయ్యా" అన్నాడు నూకయ్య వెనక్కి జరిగి. "రాజుగారు వదిలేశారు, సరే. రేవులో జనం వదులుతారా? మా మనవరాలే నా పడవ ఎక్కనంటోంది."

ఆ మాట తిప్పన్నకు కొరడా దెబ్బలా తగిలింది. మర్నాడే కొంగలరేవుకు వెళ్ళి, ఖాళీ పడవలో కూర్చున్నాడు. నూకయ్య అతన్ని అవతలి ఒడ్డుకు తీసుకెళ్ళాడు, తిరిగి తీసుకొచ్చాడు. తిప్పన్న దిగి, ఒడ్డున ఉన్నవాళ్ళతో, "అది నేనల్లిన కథ. ఈ మనిషి ఎవరినీ ముంచలేదు" అన్నాడు. కొందరు నవ్వారు, కొందరు ముఖం తిప్పుకున్నారు. తిప్పన్న రోజూ వచ్చాడు, రోజూ అదే చెప్పాడు. పదో రోజున ఒక ముసలావిడ మేకతో సహా ఎక్కింది. ఆ తర్వాత ఒకరొకరే వచ్చారు. నెల దాటాక మనవరాలు వచ్చి, పడవెక్కి తాత పక్కన కూర్చుంది. నూకయ్య ఏడ్చాడు.

నలుగురూ నమ్మే నోరున్నవాడు, తన మాట తప్పు అని తెలిసిన క్షణానే దాన్ని దిద్దుకోవాలి. ఆలస్యం చేసిన ప్రతి రోజు భారమూ మోసేది ఇంకొకరు.