రాబందులు లేని ముహూర్తం

పొద్దున్నే. పొగమంచు. కోట బురుజు మీద రాణి సోమాంబ ఒక్కతే నిలబడి సముద్రం వైపు చూస్తోంది.

పిల్లలూ, అనగనగా వెండికొండపురాన్ని ఏలిన రాజుగారి భార్య ఈవిడ. ఆవిడకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయంతుడికి లగ్నపత్రిక రాయిస్తుంటే ఇదే బురుజు మీద రాబందు వాలింది.

"శుభమా అని పెళ్లి చేస్తుంటే ఈ పీనుగుల పక్షులేమిటి?" అంది రాణి.

మసిరేడనే మాంత్రికుడు చేతులు కట్టుకుని వచ్చాడు. "ఒక్క రెక్క కనపడనివ్వను తల్లీ. నువ్వు సరే అంటే చాలు."

రాణి సరే అంది. అంతే అంది.

మసిరేడు రాబందులన్నిటినీ పంజరాల్లో పెట్టి ఏడు సముద్రాల అవతలికి పట్టుకుపోయాడు. ఊరు సంబరపడింది. ఆ తర్వాత చచ్చిన గొడ్డు చచ్చినచోటే కుళ్లింది. కుక్కలు తిన్నాయి, పెరిగాయి, ఊరి మీద పడ్డాయి. వానకు ఆ కుళ్లంతా బావుల్లోకి దిగింది. ఇంటింటా జ్వరం. పెళ్లి వాయిదా పడింది. ఇంతలో జయంతుణ్ని పిచ్చికుక్క కరిచింది. కొన్నాళ్లకు, తల్లి గ్లాసుతో నీళ్లిస్తే ఆ నీళ్లను చూసి భయపడ్డాడు. అలాగే పోయాడు.

"పక్షుల్ని తెస్తామమ్మా," అన్నారు మిగిలిన ఇద్దరూ. రాణి రేవుదాకా వెళ్లి సాగనంపింది.

సరంగు కూతురు ముత్యాలు పడవ నడిపింది. ఏడు సముద్రాలూ దాటారు. మాంత్రికుడి దీవిలో చిలక కనపడగానే నడిపివాడు దాని మెడ పట్టుకున్నాడు.

"వదులు నాయనా! నాలో జామపండు తప్ప ఏముంది?" అంది చిలక. "వచ్చినవాడల్లా నా మెడే పట్టుకుంటాడు. మసిరేడి ప్రాణం ఆఖరి రాబందు గుడ్డులో ఉంది. పొదగకుండా మంచుగుహలో దాచాడు."

గుడ్డు దొరికింది. నడిపివాడు రాయి ఎత్తాడు. "అన్నను తిన్నవాడి ప్రాణం ఇది!"

"ఆగన్నయ్యా! ఇది పోతే ఆ జాతే ఉండదు," అన్నాడు చిన్నవాడు.

"అయితే వీణ్ని బతకనిస్తావా?"

ముత్యాలు గుడ్డు తీసుకుని కొంగులో చుట్టి పొట్టకు ఆనించుకుంది. "మీ తగవు తేలేలోగా పిల్ల బయటికొస్తుంది. నెగడు వెయ్యండి, బాబూ."

వంతులవారీగా పొదిగారు. పిల్ల లోపలినుంచి ముక్కుతో పెంకు పగలగొట్టింది. గుడ్డు పగలడంతో అక్కడ మసిరేడు కూలిపోయాడు. పంజరాలు తెరుచుకున్నాయి. చాలావాటిలో ఈకలే ఉన్నాయి. బతికిన కొన్నిటినీ పిల్లనూ పడవెక్కించారు.

అదిగో, మంచులోంచి పడవ వచ్చింది. రాణి మెట్లు దిగి పరుగెత్తింది.

చిన్నవాడికీ ముత్యాలుకూ పెళ్లి చేశారు. పందిరి పైన రాబందులు తిరుగుతుంటే పెళ్లిపెద్దలు గొణిగారు.

"తిరగనివ్వండి," అంది రాణి. "ఇది వాటి ఊరు కూడా."

బావులు తేటపడటానికి చాలా ఏళ్లు పట్టింది. అన్నదమ్ములిద్దరూ కలిసి చిరకాలం చల్లగా ఏలారు. రాణి మాత్రం రోజూ సాయంత్రం బురుజెక్కి వేళ్లు మడుస్తూ లెక్కపెట్టుకునేది. నడిపివాడు వచ్చాడు. చిన్నవాడు వచ్చాడు. కోడలు వచ్చింది. కొండకొమ్మున పెద్ద రాబందు పిల్లతో సహా వాలింది.

చిటికెనవేలు మాత్రం మడవకుండా ముందే వదిలేసేది. అది జయంతుడిది.