పంచడానికి కొన్న దుప్పట్లు

పట్టు నేతలో భావనయ్య గురువుకు సాటివచ్చే చెయ్యి ఆ సీమలోనే లేదు. అయినా ఏటా చలికాలానికి ముందు రెండు నెలలు ఆయన జరీ పక్కన పెట్టి, ముతక నూలుతో దుప్పట్లు నేసేవాడు. అవన్నీ గుట్ట కింద రాళ్లు కొట్టుకుని బతికేవాళ్లకు. ఆ రెండు నెలలూ సంస్థానం నుంచి మనిషి వచ్చినా సరే, వాకిట్లో కూచోవలసిందే.

శిష్యుల్లో పెద్దవాడైన నరహరికి ఇది మింగుడు పడేది కాదు. పన్నెండేళ్లు గురువు దగ్గర నేర్చిన పనితనం చూసి, ఇక మీదట దొరసానివారికి పట్టుచీరలు నెయ్యమని అతనికి సంస్థానం నుంచి పిలుపు వచ్చింది. వెళ్లేముందు మనసులో మాట అడిగేశాడు.

“గురువుగారూ, ఆ రెండు నెలల్లో తమరొక్క జరీచీర నేస్తే చాలు, దాని ఖరీదుతో ఇంతకు మూడింతల దుప్పట్లు కొని పంచవచ్చు. ఇలాంటి చేతిని ముతక నూలుకు పెట్టడం ఆ పేదలకే నష్టం కాదా?”

భావనయ్య నొచ్చుకోలేదు. “నువ్వన్నది సబబుగానే ఉంది. ఈ ఏడు నేను నెయ్యను. చీర నువ్వే నేసి, దుప్పట్లు నువ్వే కొని, నువ్వే పంచి రా” అన్నాడు.

నరహరి ఉత్సాహంగా గుట్ట కిందికి వెళ్లి, ఈసారి ఇంటికి మూడేసి దుప్పట్లని చెప్పి వచ్చాడు. చీర నేశాడు, అమ్మాడు, సంతకు వెళ్లి దుప్పట్లు అడిగాడు. వర్తకుడు తలెత్తి ఒకే మాట అడిగాడు.

“కప్పుకోవడానికాండీ, పంచడానికా?”

“పంచడానికే.”

వర్తకుడు ముందున్న మంచి దుప్పట్ల దొంతర పక్కకు జరిపి, కొట్టు వెనకనుంచి వేరే మూటలు తెప్పించాడు. గంజి దట్టించి బిగువు తెప్పించిన గుడ్డ అది. ఒక్క ఉతుకుకు జల్లెడైపోతుందని నేతగాడి వేలికి తెలియకపోదు. ముందున్నవే కొందామంటే ఇంటికి ఒక్కటి కూడా వచ్చేట్టు లేదు. ఇచ్చిన మాట పోతుందని నరహరి తలవంచుకుని ఆ మూటలే బండికెత్తించాడు.

గుట్ట కింద అందరూ కళ్లకద్దుకుని తీసుకున్నారు. గంగమ్మ అనే ముసలామె మాత్రం అంచును రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది. ఇరవై చలికాలాలు గురువు నేసిన దుప్పటి కప్పుకున్న మనిషి. ఆమె ముఖంలో నిష్ఠూరం లేదు, బెంగ ఉంది.

“అయ్యా, మా భావనయ్యగారికి ఒంట్లో బాగుండటం లేదా?”

నరహరి బండి మళ్లించాడు. తిరిగి వచ్చి గురువుకు జరిగినదంతా దాచకుండా చెప్పాడు.

“ఇప్పుడు నన్ను సంస్థానానికి వెళ్లమంటారా, మానమంటారా?”

“వెళ్లు. పట్టు నెయ్యడం పాపమని నేనెప్పుడన్నాను?” అన్నాడు గురువు. “ఇంతకీ గంగమ్మకేం చెప్పావు?” అని అడిగాడు.

“ఏమీ చెప్పలేకపోయాను.”

భావనయ్య ఖాళీగా ఉన్న ముతక నూలు మగ్గం వైపు చూశాడు.

“చలి పోవడానికి ఇంకా నెలన్నర ఉంది” అన్నాడు.