చిలుకను జోకొట్టిన రాజకుమారుడు

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. ఆడపిల్ల కావాలని మొక్కగా మొక్కగా చివరికి చిత్రరేఖ పుట్టింది. పాప నిద్రలో బోసినవ్వులు నవ్వుతుంటే, "దేవుడు పువ్వులు చూపిస్తున్నాడు" అని రాణి మురిసిపోయేది.

ఉన్నట్టుండి ఆ నవ్వు ఆగిపోయింది. పాప కన్ను మూస్తే చాలు, ఉలిక్కిపడి కెవ్వుమనేది. దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు. ఊహూ! నిద్రలేక, పాలు తాగక పాప పుల్లలా అయిపోయింది. అందరూ కంగారుగా పాపను కుదిపి లేపేవాళ్ళే. చిన్న కొడుకు గుణశేఖరుడు మాత్రం లేపకుండా మెల్లగా జోకొట్టేవాడు. "కత్తి పట్టాల్సిన చేత్తో జోకొట్టడమేమిట్రా!" అని అన్నలు వెక్కిరించేవారు.

ఆస్థాన జ్యోతిష్కుడు గవ్వలు వేసి చూశాడు. "ఏడు సముద్రాల అవతల ఘోరనాదుడనే మాంత్రికుడున్నాడు మహారాజా! వాడికి కన్ను మూస్తే పీడకలలే. అందుకని పాప కలలోని పువ్వులు దోచుకుని, తన పీడకలలు పాపకు అంటగడుతున్నాడు. వాడి ప్రాణం ఒక చిలుకలో ఉంది."

పెద్దవాడు కత్తి తీసుకుని వెళ్ళాడు. చిలుక కీచుమంది, మాంత్రికుడు వచ్చాడు, పెద్దవాడు మేకపోతయ్యాడు. రెండోవాడు వల తీసుకుని వెళ్ళాడు. చిలుక కీచుమంది, మాంత్రికుడు వచ్చాడు, రెండోవాడూ మేకపోతయ్యాడు.

ఇక గుణశేఖరుడు బయల్దేరాడు. సముద్రపు ఒడ్డున ఒక తాబేలు వెల్లకిలా పడి కొట్టుకుంటుంటే, జాలిపడి తిప్పి నిలబెట్టాడు. "నా వీపెక్కు నాయనా!" అంది తాబేలు. ఒక సముద్రం దాటించింది, రెండు దాటించింది, ఏడూ దాటించింది.

కోటలో మాంత్రికుడి కూతురు మందారిక ఎదురైంది. "చిలుక ఆ గదిలోనే ఉంది. కానీ దాన్ని చంపితే మా నాన్న పోతాడు. నాకు ఇంకెవరున్నారు?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

చంపితే ఈ పిల్ల దిక్కులేనిదవుతుంది, చంపకపోతే చెల్లెలు దక్కదు. గుణశేఖరుడు ఆ గదిలోకి వెళ్ళాడు. పంజరం తలుపు తీసి చిలుకను పట్టుకున్నాడు. అది కళ్ళు మూస్తోంది, ఉలిక్కిపడుతోంది. అచ్చం చెల్లెలిలాగే!

"పిచ్చిదానా, నువ్వూ జడుసుకున్నావా?" అని గుండెకు హత్తుకుని, వెన్ను నిమురుతూ జోలపాట అందుకున్నాడు.

అంతలో మంత్రదండం ఎత్తుకుని మాంత్రికుడు ఊడిపడ్డాడు. "హ్రీం" అన్నాడు, ఆవలించాడు. "హ్రీం" అన్నాడు, మళ్ళీ ఆవలించాడు. మూడోసారి నోరు తెరిచి, గడపమీదే తలవాల్చి గుర్రు పెట్టాడు.

లేచేసరికి అతని మొహం కళకళలాడుతోంది. "బాబూ, పసితనంలో నాకు జోకొట్టే దిక్కు లేకపోయింది. కలలు దోచుకున్నా నా జడుపు తీరలేదు. ఇన్నాళ్ళకు కంటినిండా నిద్రపోయాను. ఇక ఎవరి కలలతోనూ నాకు పనిలేదు" అని గుణశేఖరుడి చేతులు పట్టుకున్నాడు. మేకపోతులు మళ్ళీ అన్నలయ్యారు. నోట్లో గడ్డి మాత్రం ఇంకా ఉంది!

అక్కడ ఉయ్యాలలో పాప నిద్రలోనే కిలకిలా నవ్వింది. రాణి పట్టరాని ఆనందంతో ఏడ్చేసింది.

ఆకాశమంత పందిరి వేసి గుణశేఖరుడికీ మందారికకూ పెళ్ళి చేశారు. మాంత్రికుడు తన రాజ్యం అల్లుడికే ఇచ్చేశాడు. వాళ్ళు చాలాకాలం చల్లగా ఏలారు. పిల్లల ఉయ్యాల ఊపే పని తాతగారిదే. చిక్కేమిటంటే, జోలపాట మొదలుపెట్టగానే పిల్లలకంటే ముందు తాతే నిద్రపోయేవాడు. ఆయన గుర్రు పెడుతుంటే పిల్లలు కోటంతా పీకి పందిరేసేవారు. దాసీలు ఆయన్ను లేపబోతే మందారిక అడ్డుపడేది.

"పడుకోనివ్వండర్రా! మా నాన్న నిద్రపోతుంటే చూడాలని చిన్నప్పట్నుంచీ నా ఆశ."