కాలు దించని ఉల్లంకి

ఉప్పుటేరు సముద్రంలో కలిసేచోట ఒక ఇసుకమేట ఉంది. ఒక పక్క కరకట్ట, రెండో పక్క మడచెట్లు. చలికాలం రాగానే ఎక్కడెక్కడి పిట్టలూ అక్కడ దిగుతాయి. ఆ ఏడు చిట్టి ఉల్లంకి అందరికంటే ఆలస్యంగా దిగింది. ఎదురుగాలికి దాని రెక్కలు సోలిపోయాయి. ఎగరడం మాట అటుంచి, నిలబడడమే గొప్పగా ఉంది. మేట ఎత్తున ఒంటికాలి మీద నిలబడి, కడియమున్న కాలు పొట్ట ఈకల్లోకి ముడుచుకుంది.

మడవేళ్ళ మధ్య నక్క నక్కి ఉంది. అప్పుడే మీద పడేదే, కాని కరకట్ట మీద పిట్టల కాలి కడియాలు చదివి రాసుకునే మనుషులు ఇద్దరు దుర్భిణీ పెట్టుకుని కూచున్నారు.

"ఎప్పుడొచ్చావు కోడలా? చిక్కిపోయావు," అంది నక్క.

"ఇప్పుడే మామా. నువ్వు భోంచేసినట్టు లేవే."

"ఇవాళ ఏకాదశిలే. నా దిగులంతా నీ గురించే. నీ కాలికి సంకెల వేసింది ఆ గట్టుమీది వాళ్ళే. మళ్ళీ పట్టుకుంటారు. ఒక్కసారి కాలు దించి చూపించు, కడియం మీది అక్షరాలు చదువుకుని పోతారు."

ఉల్లంకికి ఆ రోజు గుర్తొచ్చింది. వల చిక్కు విప్పిన చేతులు వెచ్చగా ఉన్నాయి. కడియం తొడిగి, అరచెయ్యి తెరిచి వదిలేశాయి. పట్టుకున్నాక తినకుండా వదిలినవాళ్ళను అది మరెక్కడా చూడలేదు.

"చూపించకపోతే?"

"అబ్బో, కదలరు. మొండిఘటాలు. కిందటేడు ఎవరో కాలు దించలేదని పొద్దంతా ఎండలో కూచున్నారు. ఆ రోజు నాకు పస్తే."

పక్కనున్న తీతువు మెడ తిప్పింది. "ఆ రోజు కూడా ఏకాదశేనా బావా?"

ఉల్లంకి కాలు ఇంకాస్త పైకి లాక్కుంది.

పొద్దెక్కింది. పోటు మొదలైంది. గట్టుమీది వాళ్ళు కదల్లేదు.

"కాలు తిమ్మిరెక్కలేదూ?"

"నేను నిద్రపోయేదే ఇలా మామా."

"పాపం, ఎండకి మాడిపోతున్నారమ్మా. కాస్త జాలిపడు."

"ఇందాక సంకెల వేసినవాళ్ళన్నావు."

ఆత్రగాడికి బుద్ధి మట్టు. చూపంతా ఉల్లంకి మీద పెట్టిన నక్కకి, పోటునీటికి వెనక మడల్లోని కాలవ నిండిన సంగతి తెలియలేదు. నీళ్ళు గడ్డానికి తగిలాక ఈదుకుంటూ పోయి, మనుషులకి దూరంగా కరకట్ట దాటి చేపలు ఎండబెట్టే దిబ్బ మీద తేలింది. అక్కడి కుక్కలకి ఏకాదశి పట్టింపులు లేవు. నక్క అరుపులు దూరందాకా వినిపించి ఆగిపోయాయి.

"రెక్కలు తేరుకున్నాయిగా, ఇక లెయ్యవే," అంది తీతువు.

"ఉండత్తా. ఒక పనుంది."

ఉల్లంకి కాలు దించింది. కడియానికి అంటిన బురదను నీళ్ళలో కడిగింది. గట్టువైపు పక్కకి తిరిగి నిలబడింది.

"దించింది. చదువు, చదువు," అంటూ గట్టుమీద ఎవరో గుసగుసలాడారు.

వాళ్ళు చదవడం పూర్తయ్యేదాకా ఉల్లంకి కదల్లేదు.

నీతి: శత్రువు తొందరపెట్టే పని ఆలస్యంగా చెయ్యి, మేలు చేసినవాళ్ళకి కావలసిన పని మరవకుండా చెయ్యి.