విమానం కింద పంచె

రాజుల గుర్రాలు పోయి అధికారుల జీపులు వచ్చిన కాలంలో, వేములదిన్నె ఊళ్లో ఒక పెద్ద అధికారి దిగాడు. ఉపగ్రహం తీసిన ఫోటోలో రైతు గంగులప్ప కల్లంలో ఒక విమానం కనిపించిందట.

"శనగలు నూర్చిన రోజు నీ కల్లంలో ఏం జరిగింది?" అని గద్దించాడు.

గంగులప్ప తల వంచుకున్నాడే గాని నోరు మెదపలేదు.

"దొంగ విమానం దింపాడు, అందుకే మాట రావడం లేదు. జీపెక్కించండి," అన్నాడు అధికారి.

గంగులప్ప భార్య సుంకమ్మ అడ్డం వచ్చి, అధికారి ఫోన్‌లో ఆ ఫోటో చూసింది. "రెక్క పక్కన ఈ తెల్లగుడ్డ ఏంది సామీ?"

"మీ ముఠా గుడారం."

"మా ఆయన పంచె సామీ. ఆ పొద్దు నాకు జరం. నేను శనగలు చెరుగుతుంటే ఎండ తగలకూడదని నాలుగు కట్టెలకు కట్టినాడు. దాని పక్కనే పొట్టు కుప్ప. ఇక్కడ విమానం దిగుంటే ఆ గాలికి పొట్టు నిలుస్తుందా, పంచె నిలుస్తుందా? మిద్దె మీద నుంచి చూస్తే ఎగిరే కాకి కూడా వాకిట్లో వాలినట్టే కనపడుతుంది. విమానం పైన పోతాంది, మీ ఫోటో దానికన్నా పైనుంచి తీసినారు."

అధికారి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఓడినట్టు కనిపించడం ఇష్టంలేక, "మరి ఇతను ఎందుకు దాచాడు?" అన్నాడు.

సుంకమ్మ భర్త వైపు చూసి మెల్లగా నవ్వింది.

"కట్టుకున్న పంచె నాకు నీడగా పెట్టి, పొద్దుగూకే దాకా గోచీతో తిరిగినాడు సామీ. అదీ ఫోటోలో పడిందేమోనని ఆయన భయం."