మబ్బుదూడకు దువ్వెన

ఆ రోజు తవిటినాయుడికి ఐదో భాగం గొంతులో ముల్లులా అడ్డుపడింది.

భీమిలిలో సముద్రానికి ఎదురుగా ఓ పాత మేడ ఉంది. దాని పై గదిలో జలాలుద్దీన్ మాస్టారి దగ్గర పదకొండు మంది కూర్చుని చేత్తో బొమ్మలు గీస్తారు. జపాను వాళ్ల యానిమే పద్ధతిలో పన్నెండు భాగాల కదిలే బొమ్మల కథ అది. మబ్బుల్ని గొర్రెల్లా మేపుకునే కొండదేశం, అక్కడ మిన్ను అనే పిల్ల, దానికో కుంటి మబ్బుదూడ, మబ్బుల్ని మింగి బతికే పొగరాజు. మూడేళ్లుగా ఇదే పని. ఆ కొండల్లో తిరిగి తిరిగి, వాళ్లలో కొందరు భోజనానికి లేచేటప్పుడు కూడా కాళ్ల కింద నేల ఉందో లేదో చూసుకుని మరీ అడుగేసేవారు.

నాయుడు యుద్ధాలు గీయడంలో దిట్ట. అతను గీసిన ఈటె కాగితం మీద కదిలితే, చూసేవాళ్లు తల పక్కకి తీసుకుంటారు. ఆ సంగతి అతనికి కాస్త ఎక్కువే తెలుసు.

మధ్యాహ్నం పన్నెండింటికి టీవీ చానెల్ నుంచి సుదర్శనరావు గారి ఫోన్ వస్తుంది. ఏ భాగంలో ఏం జరుగుతుందో ఆయనకి ఒక్కొక్క మాటలో చెప్పాలి. నచ్చితే ప్రసారం చేస్తారు. నచ్చకపోతే మూడేళ్ల పని అటకెక్కుతుంది. మాట్లాడే బాధ్యత మాస్టారు నాయుడికే అప్పజెప్పారు.

ఐదో భాగంలో ఏమీ జరగదు. మిన్ను వాళ్ల అవ్వ మబ్బుదూడని ఒళ్లో పెట్టుకుని దువ్వుతుంది. చిక్కు తీసినప్పుడల్లా నాలుగు చినుకులు రాలతాయి. వాటిని మిన్ను గిన్నెలో పడుతుంది. సాయంత్రం అవుతుంది. అంతే. పైగా అది నాయుడు కొత్తగా చేరిన రోజుల్లో గీసిన కాగితాల కట్ట. ఇప్పుడు చూస్తే అతనికే సిగ్గేస్తుంది.

"మాస్టారూ, ఐదు తీసేద్దామండి," అన్నాడు నాయుడు. "నాలుగులో యుద్ధం అయింది. ఆరులో యుద్ధం వస్తోంది. మధ్యలో దువ్వుకుంటూ కూర్చుంటే ఎవరు చూస్తారండి? జనానికి తీరికెక్కడిది?"

మాస్టారు ఒకప్పుడు సినిమా హాళ్లకి బ్యానర్లు రాసిన మనిషి. బ్లేడుతో పెన్సిలు చెక్కుతున్నవారు తలెత్తలేదు.

"తీసి ఏం పెడతావు?"

"పొగరాజు దండు కొండెక్కుతుందండి. సగం గీసేశాను కూడా."

"తీసెయ్," అన్నారు మాస్టారు. "తిప్పించావా?"

నాయుడు నాలుక కరుచుకున్నాడు. ఆ గదిలో ఒక ఆనవాయితీ ఉంది. ఏ కట్టనైనా పారేసే ముందు, పెన్సిలు పట్టని చెయ్యి ఒకటి దాన్ని ఒకసారి తిప్పాలి. కట్టని ఒళ్లో పెట్టుకుని బొటనవేలితో కాగితాలు జారవిడిస్తే బొమ్మలు కదులుతాయి కదా, అలా. పోస్ట్‌మాన్ తిప్పిన కట్టలున్నాయి, కొబ్బరికాయలు దింపడానికొచ్చినవాడు తిప్పిన కట్టలున్నాయి.

సరిగ్గా అప్పుడే మెట్ల మీద కేరేజీల చప్పుడైంది. ఊళ్లో ఇళ్లకీ ఆఫీసులకీ భోజనాలు అందించే ఎర్రయ్యమ్మ. రెండు చేతులా కేరేజీలు, నుదుటి మీద చెమట. బయట ముసురు పట్టింది. కిటికీలోంచి చూస్తే సముద్రం ఎక్కడ ఆగి మబ్బు ఎక్కడ మొదలైందో తెలియడం లేదు.

"ఎర్రయ్యమ్మా, ఒక్క కట్ట తిప్పి వెళ్లు," అన్నారు మాస్టారు.

"నాకు కాళీ లేదు బాబూ. కేరేజీలు సల్లారిపోతాయి."

నాయుడు మాస్టారి వైపు చూశాడు. చెప్పానా అన్నట్టుంది ఆ చూపు.

"ముందు పన్నెండోది ఇవ్వు," అన్నారు మాస్టారు.

నాయుడి ముఖం వెలిగింది. పన్నెండోది అతని ప్రాణం. పొగరాజు ఈటె విసురుతాడు. మబ్బుదూడ కుంటుకుంటూ వచ్చి మిన్నుకి అడ్డం నిలబడుతుంది. ఈటె తగిలి, వానగా కురిసి, అయిపోతుంది. అది గీసిన వారం నాయుడు సరిగ్గా అన్నం తినలేదు.

ఎర్రయ్యమ్మ నిలబడే తిప్పింది. కాగితాలు బరబరా జారాయి.

"బాగుంది బాబూ. దీపావళికి సిచ్చుబుడ్డి ఎలిగించినట్టుంది," అని కేరేజీల కోసం వంగింది.

"నీకు ఏడుపు రాలేదా?" నాయుడు ఉండబట్టలేక అడిగేశాడు.

"ఎవరి కోసం బాబూ? ఆ తెల్లటిదేటి, దూదా?"

నాయుడు కట్ట తీసుకుని బల్ల మీద పెట్టేశాడు.

"ఇంకొకటుంది. పారేసేదేలే. అదీ ఒకసారి తిప్పెయ్," అన్నారు మాస్టారు.

ఐదో కట్ట లావుగా ఉంది. నిలబడి తిప్పడం కుదరక ఎర్రయ్యమ్మ ఉసూరుమంటూ చాప మీద కూలబడింది. నాలుగు కాగితాలు జారాయి. మరో నాలుగు. తర్వాత ఆమె వేలు నెమ్మదించింది.

"అలా లాగితే దానికి నొప్పెట్టదా?" అంది, కాగితంలోని అవ్వతో. "సివర్నుంచి దువ్వాలమ్మా. సివర్నుంచి."

రెండు కాగితాల తర్వాత అవ్వ దువ్వెన కిందికి దించి, చిక్కుని చివర నుంచి తీయడం మొదలుపెట్టింది. మూడేళ్ల కిందట తనే గీశాడు. అలా గీసిన సంగతి నాయుడికి గుర్తే లేదు.

"అదీ," అంది ఎర్రయ్యమ్మ.

దూడ కళ్లు మూసుకుంది. గిన్నెలో చినుకు పడింది. ఇంకో చినుకు. కిటికీలోంచి సన్నటి జల్లు లోపలికి వచ్చి అందరి బల్లల మీదా వాలింది. ఎవరూ లేచి కిటికీ వెయ్యలేదు. పదకొండు పెన్సిళ్లూ ఆగిపోయాయి. ఆ తడి సముద్రం మీంచి వస్తోందో కట్టలోంచి వస్తోందో నాయుడికి తెలియలేదు. కాగితాల్లో సాయంత్రం అవుతుంటే గదిలో కూడా వెలుతురు తగ్గినట్టు అనిపించింది.

కట్ట అయిపోయింది. మాస్టారు పన్నెండో కట్ట తెచ్చి మళ్లీ ఆమె ఒళ్లో పెట్టారు.

ఎర్రయ్యమ్మ తిప్పింది. పొగరాజు చెయ్యి లేచింది. ఈటె గాల్లోకి వచ్చింది. దూడ కుంటుకుంటూ అడ్డం వచ్చింది.

బొటనవేలు ఆగిపోయింది.

"నేను తిప్పను," అంది.

"ఇందాక తిప్పావు కదా, ఎర్రయ్యమ్మా!"

"ఇందాకటిది ఇది కాదు."

"ఇదే."

"కాదు బాబూ. ఇందాకటిది దూది." తను వదిలితే ఈటె కదులుతుందన్నట్టు ఆమె ఆ కాగితాన్ని నొక్కి పట్టుకునే కూర్చుంది.

నాయుడు లేచి నిలబడ్డాడు. సంతోషం ఆపుకోలేకపోయాడు. "మాస్టారూ! అయితే ఆరు కూడా ఇలాగే చేసేద్దామండి. ఏడు కూడా..."

మాస్టారు గడ్డంతో కేరేజీల వైపు చూపించారు.

"ఆవిడకి ఇంకా ఆరిళ్లున్నాయి, నాయుడూ. ఒక్కటి చాలు."

"వోలమ్మో!" అని ఎర్రయ్యమ్మ ఉలిక్కిపడి లేచింది. కట్టని మెల్లగా చాప మీద పెట్టి, కేరేజీలు అందుకుని పరుగెత్తింది. సగం మెట్లు దిగాక ఆమె గొంతు పైకి వచ్చింది. "బాబూ, అది దానికి తగల్నీకు!"

నాయుడు చాప మీది కట్ట వైపు చూశాడు. తగలకుండా ఎలా? తగిలేలా గీసింది తనే. మొదటిసారి ఆ దూడని తలుచుకుని అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఫోన్ మోగింది.

సుదర్శనరావు గారు తొందరలో ఉన్నారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు గబగబా అయిపోయాయి.

"ఐదు?"

నాయుడు మాస్టారి వైపు చూశాడు. ఆయన పెన్సిలు మొనని గోటి మీద పెట్టి చూసుకుంటున్నారు.

"మబ్బుదూడకి చిక్కు తీసి దువ్వుతారండి," అన్నాడు నాయుడు.

"దువ్వి?"

"సాయంత్రం అవుతుందండి."

"మొన్న యుద్ధం ఉంటుందన్నారు?"

"అది ఆరులో ఉందండి."

"మరి ఐదులో ఇంకేమీ లేదా?"

చాప మీద పన్నెండో కట్ట అలాగే ఉంది. ఈటె ఆగిపోయిన కాగితం అంచున చెమట తడితో ఓ వేలిముద్ర పడి ఉంది.

"లేదండి," అన్నాడు నాయుడు.

అవతల కాగితాలేవో పక్కకి నెట్టిన చప్పుడైంది. మూడేళ్లూ చెయ్యి జారిపోయినట్టే అనుకున్నాడు. తర్వాత సుదర్శనరావు గారి గొంతు వినిపించింది. తొందర కొంత తగ్గి ఉంది.

"చిక్కు లాగితే దానికి నొప్పెట్టదూ?"

"చివర నుంచి దువ్వుతారండి," అన్నాడు నాయుడు.